లేవబోతే మెలి తిరిగే చెయ్యి: పీఆర్ఆర్‌టీ2 జన్యువు కేసు ఒకటి

ఈ కేసు రాయడానికి కుటుంబం ఒప్పుకుంది. గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, చదువు, బంధుత్వాల్లో కొన్ని వివరాలు మార్చాను. జబ్బు తీరు మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను. పిల్లల్లో ఫిట్స్, కదలికల జబ్బులు చూసే డాక్టర్లకు, స్కూలు కౌన్సెలర్లకు పనికొస్తుందని రాస్తున్నాను. పీఆర్ఆర్‌టీ2 అనే జన్యువులో మార్పు వల్ల, ఒక్కసారిగా కదిలితే ఒళ్లు బిగుసుకునే ఈ జబ్బు అరుదైనదే. కానీ అరుదు కాబట్టి కనిపించడం లేదా, కనిపించినా వేరే పేరుతో వెళ్లిపోతోందా అన్న అనుమానం నాకు ఎప్పటినుంచో ఉంది.

నేపథ్యం

పదిహేనేళ్ల అబ్బాయి. కాన్పు, ఎదుగుదల, చదువు అన్నీ మామూలే. పదమూడో ఏట మొదలైంది. క్లాసులో పేరు పిలిస్తే లేచి నిలబడబోతాడు, కుడి చెయ్యి మణికట్టు దగ్గర లోపలికి మెలి తిరుగుతుంది, కుడి కాలు బిగుసుకుపోతుంది, మూతి ఒక పక్కకు లాగుతుంది. పది, పదిహేను సెకన్లు. తర్వాత ఏమీ జరగనట్టే ఉంటాడు. స్పృహ పోదు, నాలుక కొరుక్కోడు, మత్తుగా ఉండదు. అడిగిన ప్రశ్నకు సమాధానం కూడా చెప్పేస్తాడు, కాకపోతే క్లాసంతా నవ్విన తర్వాత.

మొదట్లో వారానికి ఒకటో రెండో. నా దగ్గరికి వచ్చేసరికి రోజుకు పది, పదిహేను. పరీక్షలప్పుడు, నిద్ర చాలని రోజుల్లో ఇంకా ఎక్కువ. పరుగు పందేలు మానేశాడు. ఫోన్ మోగితే పరిగెత్తి తీయడు. మెట్ల దగ్గర అందరినీ ముందు పోనిచ్చి చివర్లో దిగుతాడు. పిల్లాడు బద్ధకస్తుడైపోయాడని ఇంట్లో, నాటకాలాడుతున్నాడని స్కూల్లో అనుకున్నారు.

అంతకుముందు ఏమేం చేశారు

నా బల్ల మీదికి వచ్చేసరికే ఫైలు లావుగా ఉంది. మొదట చూసిన డాక్టర్ ఫిట్స్ అనుకుని ఈఈజీ, ఎమ్మారై చేయించారు, రెండూ నార్మల్. అయినా లెవెటిరాసిటామ్ అనే ఫిట్స్ మందు మొదలుపెట్టారు. డోసు పెంచుతూ పోయారు. బిగుసుకోవడం తగ్గలేదు సరికదా, పిల్లాడికి చిరాకు, కోపం ఎక్కువయ్యాయి. అంటే ఆ మందు దుష్ఫలితం కనిపించింది గానీ ఫలితం కనిపించలేదు. ఆ తర్వాత ఎక్సోమ్ పరీక్ష, అంటే జన్యువుల్లో ప్రొటీన్ల తయారీకి పనికొచ్చే భాగాలన్నిటినీ చదివే పరీక్ష చేయించారు. 'ఈ లక్షణాలకు కారణమనదగ్గ జన్యు మార్పు కనిపించలేదు' అని రిపోర్టు వచ్చింది.

అక్కడితో కథ మలుపు తిరిగింది. ఈఈజీ నార్మల్, ఎమ్మారై నార్మల్, జన్యు పరీక్ష నార్మల్, మందుకు తగ్గలేదు, స్పృహ పోదు, నలుగురిలో వస్తుంది, టెన్షన్‌లో ఎక్కువవుతుంది, పైగా ఒకరోజు కుడి పక్క, ఒకరోజు ఎడమ పక్క. ఇన్ని కలిశాక 'మానసిక మూలం' అని రాసి కౌన్సెలింగ్‌కు పంపారు.

ఆ నిర్ణయం తెలివితక్కువదని నేను అనను. ఆ రిపోర్టులన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎవరికైనా అటే తోస్తుంది. చిక్కల్లా, అక్కడున్నవన్నీ 'లేదు, లేదు' అని చెప్పే ఆధారాలే. మానసిక మూలమున్న కదలికల జబ్బును నిర్ధారించడానికి 'ఉంది' అని చెప్పే గుర్తులు కావాలి: దృష్టి మళ్లిస్తే ఆగిపోవడం, రెండో చేత్తో తాళం వేయమంటే మొదటి చేతి వణుకు ఆ లయలోకి మారిపోవడం, ఒక్కో దాడి ఒక్కోలా ఉండి నిమిషాల తరబడి సాగడం లాంటివి. ఈ ఫైల్లో ఎక్కడా అలాంటిది ఒక్కటి కూడా రాసి లేదు. ఇక టెన్షన్‌లో ఎక్కువవడం దేన్నీ నిరూపించదు. ఫిట్స్, మైగ్రేన్, వణుకు, ఏది మాత్రం టెన్షన్‌లో తగ్గుతుంది?

కౌన్సెలింగ్ వల్ల స్కూలంటే భయం కొంత తగ్గింది, ఎగ్గొట్టడం మానేశాడు. బిగుసుకోవడం మాత్రం ఒక్కటీ తగ్గలేదు. అయితే ఆ కౌన్సెలర్ తన నోట్సులో ఒక వాక్యం రాశారు: 'కూర్చుని మాట్లాడినంతసేపూ, ఏడ్చినప్పుడు కూడా, రాలేదు. వెళ్లడానికి లేచినప్పుడు వచ్చింది.' ఫైలు మొత్తంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన వాక్యం అదే.

గదిలోకి రాకముందే కనిపించింది

మా దగ్గర పేషెంట్‌ను పేరు పెట్టి పిలుస్తారు, తలుపు తెరిచే ఉంటుంది. ఎలా లేస్తారు, ఎలా నడుస్తారు అన్నది చూడటం నాకు అలవాటు. ఈ అబ్బాయి పేరు పిలిచాక వెంటనే లేవలేదు. ముందు బూట్ల లోపల కాలివేళ్లు కదిపాడు, తోలు పైకీ కిందికీ కదలడం ఇవతలికి కనిపించింది. తర్వాత మడమలు నేలకేసి మెల్లగా నొక్కాడు. ఒళ్లు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఒరిగించాడు. చేతులు కుర్చీ మీద ఆనించి సగం లేచి, ఆగాడు. అప్పుడు నిలబడ్డాడు.

"వాడంతే మేడమ్, ఏదీ చురుగ్గా చెయ్యడు" అంది తల్లి.

ఎందుకలా వాయిదాల మీద లేచావని అబ్బాయినే అడిగాను.

"గబుక్కున లేస్తే వచ్చేస్తుంది మేడమ్. ముందు కాళ్లకి చెప్పి లేస్తే రాదు."

రెండేళ్లుగా ఈ ఉపాయం తనే కనిపెట్టుకుని వాడుకుంటున్నాడు. దాడి ఎలా ఉంటుందని అందరూ అడిగారు, దాడికి ముందు క్షణంలో ఏం చేస్తున్నావని ఎవరూ అడగలేదు. ఇంకొంచెం తవ్వితే, వచ్చే ముందు కుడి పాదంలో జివ్వుమంటుందని, ఒక్కోసారి అప్పుడు ఠక్కున ఆగిపోతే అక్కడికే పోతుందని చెప్పాడు. చాలాసేపు కదలకుండా కూర్చుని లేస్తే ఎక్కువట. నిద్రలో ఎప్పుడూ రాలేదు.

ఇంతవరకు వినేసరికి నా మనసులో పేరు ఖాయమైపోయింది: హఠాత్తుగా కదలడంతో రేగే డిస్కైనీషియా, అంటే అదుపు తప్పిన కదలికల జబ్బు. 1967లో కెర్టెస్ అనే డాక్టర్ దీన్ని వేరే జబ్బుగా గుర్తించి, కదలికతో రేగుతుందన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. గుర్తుపట్టడానికి 2004లో బ్రూనో, ఆయన సహచరులు ఇచ్చిన కొలతలే ఇప్పటికీ వాడుతున్నాం. అకస్మాత్తు కదలిక వల్ల రావాలి. నిమిషంలోపే ముగియాలి. స్పృహ పోకూడదు, నొప్పి ఉండకూడదు. దాడి లేనప్పుడు నరాల పరీక్ష మామూలుగా ఉండాలి, వేరే కారణం దొరక్కూడదు. కార్బమాజెపిన్, ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందుల్లో ఏదో ఒకదానికి తగ్గాలి. కుటుంబంలో ఇంకెవరికీ లేకపోతే, 1 నుంచి 20 ఏళ్ల మధ్య మొదలై ఉండాలి. పక్కలు మారడం ఈ జబ్బులో మామూలే. నాటకమనడానికి సాక్ష్యంగా చూపించిన విషయం నిజానికి జబ్బు లక్షణాల్లో ఒకటి.

అయినా కళ్లారా చూడకుండా రాయదలుచుకోలేదు. వరండాలో పరిగెత్తించాం, ఏమీ రాలేదు. తల్లి మొహంలో మళ్లీ పాత అనుమానం కనిపించింది. కానీ ఈ జబ్బులో ఒకటి వచ్చి పోయాక కొంతసేపటి వరకు మళ్లీ రాదు, లిఫ్ట్ దిగేటప్పుడే ఒకటి వచ్చిందని అబ్బాయి చెప్పాడు. అందుకని అరగంటకు పైగా కదలకుండా కూర్చోబెట్టాం. 'వాయిదాలు' వద్దని చెప్పి, చప్పట్లు కొట్టగానే లేచి పరిగెత్తమన్నాం. రెండడుగులు వేశాడో లేదో కుడి పాదం లోపలికి తిరిగింది, మోకాలు కర్రలా బిగిసింది, మణికట్టు వంగి వేళ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి, మెడ కుడికి తిరిగింది. పేరు అడిగితే పళ్ల బిగువు మధ్యనుంచి చెప్పాడు. పన్నెండు సెకన్లలో అంతా వదిలేసింది. వీడియో తీశాం. తల్లి ఇంట్లో తీసిన పాత వీడియోలతో పోల్చి చూస్తే వరుస అదే: పాదం, మోకాలు, చెయ్యి, మెడ. ఎడమ పక్క వచ్చినప్పుడు కూడా అదే వరుస.

వేరే ఏమై ఉండవచ్చు

పేరు తోచగానే మిగతావి వదిలేయకూడదు కాబట్టి ఒక్కొక్కటీ చూశాం. మెదడు ముందుభాగం నుంచి వచ్చే ఫిట్స్ ఇలాగే క్లుప్తంగా, స్పృహ పోకుండా రావచ్చు. కానీ అవి నిద్రలో ఎక్కువ, వాటికి కదలికతో ఇంత గట్టి లంకె ఉండదు. ఉలికిపాటుతో వచ్చే జబ్బుల్లో శబ్దానికి రావాలి. వెనకనుంచి చప్పుడు చేసి చూశాం, రాలేదు. కాఫీ, మద్యం, అలసటతో వచ్చే రకం ఒకటుంది, అది నిమిషాల నుంచి గంటల దాకా ఉంటుంది. చాలాసేపు నడిచాకో ఆడాకో వచ్చే రకం ఇంకొకటి. అందులో మెదడుకు గ్లూకోజ్ అందించే ఎస్ఎల్‌సీ2ఏ1 జన్యువును అనుమానించాలి. ఈ అబ్బాయికి మొదటి అడుగులోనే వస్తుంది, పదో నిమిషంలో కాదు. రక్తంలో కాల్షియం, థైరాయిడ్, రాగికి సంబంధించిన పరీక్షలు చేయించాం, అన్నీ సరిగానే ఉన్నాయి. కాల్షియం మరిచిపోకూడదని జూనియర్లకు గట్టిగా చెబుతుంటాను. పారాథైరాయిడ్ లోపంలో అచ్చం ఇలాంటి దాడులే రావచ్చు, దానికి వైద్యం పూర్తిగా వేరు. ఎమ్మారై మళ్లీ తీయలేదు. పాత ఫిల్ములు బాగున్నాయి, అబ్బాయి నరాల పరీక్షలో ఏ లోపమూ లేదు. ఇంకోసారి తీస్తే ఫైలు బరువు పెరగడమే.

నానమ్మ చెప్పిన మాట

కుటుంబంలో ఇంకెవరికైనా ఫిట్స్ ఉన్నాయా అని అంతకుముందు అందరూ అడిగారు. 'లేవు' అన్న జవాబే ప్రతిచోటా రాసి ఉంది. తల్లిదండ్రులు అబద్ధమేమీ చెప్పలేదు, వాళ్లకు తెలిసింది అంతే.

ఈ జబ్బు పేరు అనుకున్నాక ప్రశ్న మార్చి అడగాలి. ఏడాది లోపు పసిపిల్లలకు ఎవరికైనా కొన్నాళ్లు ఫిట్స్ వచ్చి వాటంతటవే తగ్గిపోయాయా? దానికి జవాబు చెప్పగలిగేది ఇంట్లో పెద్దవాళ్లే. తర్వాతిసారి నానమ్మను తీసుకురమ్మన్నాను. ఆవిడ ఏమాత్రం తడుముకోలేదు.

"వీడికే వచ్చిందమ్మా" అంటూ కొడుకు వైపు చూపించింది. "ఆరో నెల్లో. నాలుగు రోజుల పాటు రోజుకు ఏడెనిమిది సార్లు కళ్లు తేలేశాడు. కొన్నాళ్లు మందు పోశాం. ఏడాది దాటాక మళ్లీ లేదు. తగ్గిపోయిన జబ్బు పేరెత్తడం దేనికని ఎవరికీ చెప్పలేదు."

తండ్రి తెల్లబోయాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనంతట తనే చెప్పాడు, కుర్రతనంలో బస్సు కోసం పరిగెత్తబోతే కాలు 'పట్టేసేది' అని, పాతికేళ్లు దాటాక ఎప్పుడు పోయిందో కూడా గుర్తు లేదని. కొడుకు రెండేళ్లుగా పడుతున్నది అదేనని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. ఎందుకంటే కొడుక్కి వచ్చేది 'ఫిట్స్' అని చెప్పారు, తనకు వచ్చింది 'పట్టేయడం'.

పసితనంలో ఫిట్స్, కౌమారంలో కదలికతో వచ్చే బిగింపు. ఈ జంట ఒకే కుటుంబంలో కనిపించడాన్ని 1997లో ఫ్రాన్స్‌లో గమనించి, దాని జాడను 16వ క్రోమోజోమ్‌లో గుర్తించారు. జన్యువు ఏదో తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 2011లో చైనా పరిశోధకులు ఈ కదలికల జబ్బున్న కుటుంబాల్లో పీఆర్ఆర్‌టీ2 అనే జన్యువులో మార్పులు కనుక్కున్నారు. ఆ వెంటనే పసిపిల్లల ఫిట్స్ కుటుంబాల్లోనూ అదే జన్యువు దొరికింది. ఒకే మార్పు తండ్రికి రెండూ తెచ్చిపెట్టవచ్చు, కొడుక్కి ఒకటే తేవచ్చు, ఇంకొకరికి ఒక పక్క చచ్చుబడే రకం మైగ్రేన్ తేవచ్చు, మరొకరికి ఏమీ చేయకపోవచ్చు.

మందు ముందా, జన్యు పరీక్ష ముందా

ఇక్కడ రెండు నిర్ణయాలు తీసుకోవాల్సి వచ్చింది.

చేతిలో ఎక్సోమ్ రిపోర్టు 'నెగెటివ్' అంటోంది. ఎదురుగా ఉన్న అబ్బాయి, అతని తండ్రి, నానమ్మ ముగ్గురూ పీఆర్ఆర్‌టీ2 అంటున్నారు. ఎవరిని నమ్మాలి? ఈ జబ్బులో మందుకు స్పందనే ఒక నిర్ధారణ. జన్యువు దొరకని వాళ్లకూ ఈ మందే పనిచేయవచ్చు. అందుకని రిపోర్టు తేలేదాకా మందు ఆపడంలో అర్థం లేదనుకున్నాను.

రెండోది కార్బమాజెపిన్ గురించి. రోగనిరోధక వ్యవస్థకు చెందిన హెచ్ఎల్ఏ-బి జన్యువులో *15:02 అనే రకం ఉన్నవాళ్లలో ఈ మందు ఒళ్లంతా చర్మం ఊడిపోయేంత ప్రమాదకరమైన రియాక్షన్ తేగలదు. ఆసియా సంతతి వాళ్లలో ఆ రకం కనిపించే అవకాశం ఎక్కువ. డోసు చాలా తక్కువ కదా, వెంటనే మొదలుపెట్టమని ఒక సహచరుడు అన్నారు. నేను ఆగాను. ఆ రియాక్షన్ తక్కువ డోసులోనూ వస్తుంది. పైగా ఈ జబ్బు ప్రాణం మీదికి తెచ్చేది కాదు, రెండేళ్లు ఓర్చినవాడు ఇంకొన్నాళ్లు ఓర్చగలడు. ఆ వ్యవధిలో స్కూలుకు ఉత్తరం రాసిచ్చాను: ఇది నరాల జబ్బు, పేరు పిలిచి నిలబెట్టవద్దు, కూర్చునే జవాబు చెప్పనివ్వండి, దాడి వస్తే పట్టుకుని నొక్కవద్దు, పది సెకన్లు ఆగండి. మందు కంటే ముందు ఆ ఉత్తరం పనిచేసింది. దాడుల లెక్క మీద కాదు, పిల్లాడి మొహం మీద.

లెవెటిరాసిటామ్‌ను దశలవారీగా తగ్గించి ఆపేశాం. ఆ వారాల్లోనే ఇంట్లో గొడవలు తగ్గాయని తల్లి చెప్పింది.

హెచ్ఎల్ఏ పరీక్షలో ఆ రకం లేదని తేలాక, రాత్రి పడుకునే ముందు 50 మిల్లీగ్రాముల కార్బమాజెపిన్ మొదలుపెట్టాం. ఫిట్స్‌కు ఇదే మందును పెద్దవాళ్లకు రోజుకు 400 నుంచి 1,200 మిల్లీగ్రాముల దాకా ఇస్తాం. మొదటి వారంలోనే దాడులు రోజుకు ఒకటికి పడిపోయాయి. పాదంలో జివ్వుమనడం మాత్రం మిగిలింది. 100 మిల్లీగ్రాములకు పెంచాక అది కూడా పోయింది. ఇంత తక్కువ డోసుకు ఇంత పూర్తిగా తగ్గే జబ్బులు నరాల వైద్యంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చూసిన ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది నాకు.

ఎందుకు పనిచేసింది

పీఆర్ఆర్‌టీ2 తయారుచేసే ప్రొటీన్ చిన్నది, 340 అమైనో ఆమ్లాలు. ఒక నరాల కణం ఇంకొకదానికి సందేశం పంపే చోట ఉంటుంది. సందేశం మోసే రసాయనపు తిత్తులను విడుదల చేసే యంత్రాంగంతో, ముఖ్యంగా స్నాప్-25, సినాప్టోటాగ్మిన్ అనే ప్రొటీన్లతో కలిసి పనిచేస్తుంది. దీనికి ఇంకో పని కూడా ఉంది. నరాల కణాల మీదుండే సోడియం ఛానెళ్లలో 1.2, 1.6 రకాలకు ఇది బ్రేకు లాంటిది. జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడిపోతే ప్రొటీన్ సగమే తయారవుతుంది, బ్రేకు సగమే పడుతుంది. కదలకుండా కూర్చున్నప్పుడు ఆ సగం సరిపోతుంది. ఒక్కసారిగా కదలమని ఆజ్ఞ వెళ్లినప్పుడు చాలదు. కార్బమాజెపిన్ సోడియం ఛానెళ్లను నెమ్మదింపజేసే మందు. లోటు ఎక్కడుందో సరిగ్గా అక్కడే అందుకుంటుంది. లెవెటిరాసిటామ్ పనిచేసేది వేరే చోట కాబట్టి ఈ బాధ దానికి అందలేదని నా అభిప్రాయం.

అసలు దాడి మెదడులో ఎక్కడ పుడుతుందన్నది చాలాకాలం వాదన. ఎలుకల్లో ఈ జన్యువును చిన్నమెదడులోని కణాల్లో మాత్రమే తీసేసినా ఇలాంటి దాడులు వచ్చాయి. కాబట్టి చిన్నమెదడుకు ఇందులో పెద్ద పాత్రే ఉంది. అబ్బాయికి ఇదంతా బొమ్మ గీసి చెప్పాను. అంతా విని ఒకటే అడిగాడు: "అయితే ఇది నా తలలో పుట్టిందే గానీ, నేను పుట్టించింది కాదు. అంతేనా మేడమ్?" అంతే అన్నాను.

నెగెటివ్ రిపోర్టు సంగతి

మందు పనిచేశాక జన్యువు జోలికి పోవడం ఎందుకని తండ్రి అడిగాడు. సబబైన ప్రశ్నే. నా కారణాలు ఇవి. 'మానసికం' అన్న మాట ఫైల్లో అలాగే ఉంటే రేపు ఇంకో డాక్టర్ మళ్లీ అక్కడినుంచే మొదలుపెడతాడు. తండ్రి చెల్లెలు అప్పుడు గర్భవతి, పుట్టబోయే బిడ్డకు ఐదారు నెలల వయసులో ఫిట్స్ వస్తే ఏం చేయాలో ముందే తెలియడం మంచిది. ఇంకా, ఈ జన్యువు విషయంలో నెగెటివ్ రిపోర్టును నేను అంత తేలిగ్గా నమ్మను.

పీఆర్ఆర్‌టీ2లో ఒక చోట, డీఎన్‌ఏ రాసి ఉండే నాలుగు రసాయన అక్షరాల్లో ఒకటైన 'సీ' వరసగా తొమ్మిదిసార్లు వస్తుంది. జన్యువు నకలు తయారయ్యేటప్పుడు అక్కడ ఒక 'సీ' ఎక్కువ పడటం తేలిక. ఆ ఒక్క అక్షరంతో అక్కడినుంచి వాక్యమంతా తప్పుతుంది, ప్రొటీన్ మధ్యలోనే ఆగిపోతుంది. 649వ స్థానంలో పడే ఈ అదనపు అక్షరమే ఇప్పటిదాకా నమోదైన పీఆర్ఆర్‌టీ2 రోగుల్లో సుమారు ముప్పావు వంతు మందిలో ఉంది, అదీ ఒకదానితో ఒకటి చుట్టరికం లేని కుటుంబాల్లో. అక్షరం తప్పడానికి వీలైన ఆ చోటే చదవడానికీ కష్టమైన చోటు. ఎక్సోమ్ యంత్రాలు డీఎన్‌ఏను చిన్నచిన్న ముక్కలుగా చదువుతాయి. ఒకే అక్షరం వరసగా వస్తే ఎనిమిదా, తొమ్మిదా, పదా అని తడబడతాయి. అందుకే అలాంటి చోట కనిపించే తేడాలను యంత్రం దోషంగా భావించి సాఫ్ట్‌వేర్ కొట్టిపారేయవచ్చు. రిపోర్టులో 'కనిపించలేదు' అన్న మాటకు 'చూశాం, లేదు' అని అర్థం కావచ్చు, 'చూడలేకపోయాం' అని కూడా కావచ్చు.

ల్యాబ్‌కు ఫోన్ చేశాను. అబ్బాయి లక్షణాలు, నానమ్మ చెప్పినది, మందుకు స్పందన చెప్పి, ఆ చోటు ముడి డేటాలో ఎలా ఉందో చూడమన్నాను. మొదట పరీక్ష పంపినప్పుడు ఫారంలో రాసింది 'ఫిట్స్' అన్న ఒక్క మాటేనని అప్పుడు తెలిసింది. కాబట్టి ల్యాబ్‌వాళ్లను అనాల్సింది కూడా లేదు. చదివిన ముక్కల్లో కొన్నిటిలో పది 'సీ'లు ఉన్నాయని, ఫిల్టర్ వాటిని తీసేసిందని చెప్పారు. ఆ భాగాన్ని విడిగా సాంగర్ పద్ధతిలో (ఒక చిన్న భాగాన్ని మాత్రమే తీసుకుని చదివే పాత పద్ధతి) చదివిస్తే అదనపు 'సీ' స్పష్టంగా కనిపించింది. తండ్రిలోనూ ఉంది, తల్లిలో లేదు. అది కూడా దొరక్కపోతే 16వ క్రోమోజోమ్‌లో ఆ ముక్క మొత్తమే పోయిందేమో చూడాలనుకున్నాను. కానీ ఎదుగుదలలో లోపం లేని పిల్లాడిలో ఆ అవకాశం తక్కువ. ఇంకా వెతకాల్సి వస్తే టీఎంఈఎం151ఏ అనే మరో జన్యువు కూడా ఈ జబ్బుకు కారణమని ఈమధ్య తేలింది.

కుటుంబానికి ఏం చెప్పాం

పిల్లల్లో ప్రతి ఒక్కరికీ ఈ మార్పు వచ్చే అవకాశం సగానికి సగం. వచ్చినా జబ్బు తప్పక రావాలనేమీ లేదు. అబ్బాయికి ఒక చెల్లెలుంది, ఏ లక్షణమూ లేదు. ఆ పాపకు కూడా పరీక్ష చేయించేద్దామని తల్లి పట్టుబట్టింది. వద్దన్నాను. ఇప్పుడు తెలిస్తే చేసేదేమీ లేదు, వస్తే గుర్తుపట్టడం ఎలాగో ఇంట్లో అందరికీ ఇప్పటికే తెలుసు, వచ్చిన రోజున మందూ ఉంది. పెద్దయ్యాక తెలుసుకోవాలో వద్దో ఆ అమ్మాయే తేల్చుకుంటుంది. పాప పరుగెత్తినప్పుడల్లా కాళ్ల వంక చూడొద్దని కూడా చెప్పాల్సి వచ్చింది.

గర్భవతిగా ఉన్న మేనత్త విషయం వేరు. ఆమెకు లక్షణాలు లేకపోయినా తనంతట తనే పరీక్ష కోరింది, ఆ మార్పు ఆమెలో ఉంది. బిడ్డకు మొదటి ఏడాదిలో ఫిట్స్ వస్తే డాక్టర్‌కు చూపించాల్సిన కాగితం ఒకటి రాసిచ్చాం: కుటుంబంలో పీఆర్ఆర్‌టీ2 మార్పు ఉంది, సోడియం ఛానెల్ మందులు ముందుగా ఆలోచించండి, సాధారణంగా రెండేళ్ల లోపు తగ్గిపోతాయి. అయితే జ్వరంతో ఫిట్స్ వచ్చినా, బిడ్డ మందకొడిగా ఉన్నా ఈ కాగితం చూసి నిశ్చింతగా ఉండొద్దని, మెదడు జ్వరం లాంటివి ముందు తోసిపుచ్చాలని కూడా అందులోనే రాశాం. జన్యు రిపోర్టు చేతిలో ఉన్న కుటుంబాల్లో ఇదొక ప్రమాదం: ప్రతిదాన్నీ దాని ఖాతాలోనే వేసేస్తారు.

తర్వాత

కొన్ని నెలలు బాగానే నడిచింది. పరీక్షల ముందు, మందు వల్ల మగతగా ఉందని, ఎలాగూ తగ్గిపోయిందని అబ్బాయి ఎవరికీ చెప్పకుండా మానేశాడు. కొద్ది రోజుల్లోనే దాడులు తిరిగొచ్చాయి. కోప్పడకుండా అడిగితే తెలిసింది, రాత్రి మాత్ర బాగా ఆలస్యంగా వేసుకుని పొద్దున్నే లేస్తున్నాడని. భోజనం కాగానే వేసుకోమన్నాం. మగత పోయింది, దాడులూ పోయాయి. రక్తంలో సోడియం, రక్తకణాల లెక్క, కాలేయం పరీక్షలు సరిగానే ఉన్నాయి. తొలి నెలల్లో ఒంటి మీద ఏ దద్దురు కనిపించినా ఆ పూట మాత్ర ఆపి ఫోన్ చేయమని చెప్పి ఉంచాం, ఆ అవసరం రాలేదు.

ఒక సంగతి మందుతో పోలేదు. దాడులు ఆగి చాలాకాలమైనా అబ్బాయి ఇంకా వాయిదాల మీదే లేచేవాడు. భయం కాదు, అలవాటు. దానికి ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపాం. ముందు కుర్చీలోంచి ఒక్క ఊపులో లేవడం, తర్వాత నిలబడ్డ చోటునుంచి పరుగు అందుకోవడం. పాత కౌన్సెలర్‌నే మళ్లీ కలుపుకున్నాం. జబ్బు మానసికం కాదని తేలినంత మాత్రాన మనసుకు తగిలిన దెబ్బలేవీ లేవని కాదు కదా. ఆవిడకు మా రిపోర్టు పంపి, ఆవిడ నోట్సులోని ఆ వాక్యం ఎంత పనిచేసిందో రాశాను.

ఈ జబ్బు చాలామందిలో ఇరవైల్లో, ముప్పైల్లో తగ్గుముఖం పడుతుంది, తండ్రి కథా అదే. ఇరవై దాటాక ఏడాదికోసారి డోసు తగ్గించి చూద్దామని అబ్బాయితో ఒప్పందం. తండ్రికి ఇప్పుడు ఏ లక్షణమూ లేదు కాబట్టి మందు అక్కర్లేదు. అయితే ఆయనకు అప్పుడప్పుడు ఒక పక్క చూపు మసకబారి తలనొప్పి వస్తుందని మొన్నటి విజిట్‌లో బయటపడింది. ఆ ఫైలు వేరే తెరిచాం. మేనత్త బిడ్డకు ఇప్పుడు నాలుగో నెల.

మా విభాగంలో జన్యు పరీక్ష ఫారం నింపే పద్ధతి మార్చుకున్నాం. 'ఫిట్స్' అని ఒక్క మాట రాసి పంపడం లేదు. దాడి దేనితో రేగుతుంది, ఎన్ని సెకన్లు ఉంటుంది, పసితనంలో కుటుంబంలో ఎవరికి ఏం వచ్చింది అన్న మూడూ నింపాలి. కదలికతో రేగుతుందని రాసిన ప్రతి ఫారం కింద ఇంకో వాక్యం కలుపుతున్నాం: 'పీఆర్ఆర్‌టీ2లో 649వ స్థానం చుట్టుపక్కల విడిగా చదివి, చదవగలిగారో లేదో రిపోర్టులో రాయండి.'